తిట్టుకుంటూనే వెళ్లేవాళ్లం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో ఇరవయ్యేళ్ల పైనుంచి ఉన్నావు కదా, ఏదైనా పనికొచ్చేది పది నిమిషాలు చెప్పు" అన్నారు. పైకి రావడం ఎలాగో చెప్పేవాళ్లు ఈ వేదిక మీద నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. అందుకని నేను సరిగా ఆడలేని ఒక జట్టు గురించి, దాన్ని తిట్టుకుంటూనే చూసిన మా గురించి చెబుతాను. చివరికి మన బడి దగ్గరికే వస్తాను. అంతవరకు ఓపిక పట్టండి.

నేను ఎమ్మెస్ చదవడానికి అయోవా విశ్వవిద్యాలయానికి వెళ్లింది 1999 ఆగస్టులో. అయోవా అంటే మొక్కజొన్న చేలు, పందుల పెంపకం, చలికాలంలో మోకాలి లోతు మంచు. ఆ రాష్ట్రంలో పేరున్న ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు లేదు, బేస్‌బాల్ జట్టూ లేదు. అందుకే విశ్వవిద్యాలయం జట్టే వాళ్లకు సర్వస్వం. ఆ జట్టు పేరు హాకైస్. ఆట ఉన్న శనివారం కిన్నిక్ స్టేడియంలో దాదాపు 70 వేలమంది కూర్చుంటారు. కాలేజీ పిల్లల ఆట చూడటానికి అంతమందా అని మొదటిరోజు నోరు తెరిచాను.

ఈ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. మన మాస్టారు నేర్పిన కబడ్డీతో పోల్చి చెబుతాను. కబడ్డీలో కూతకెళ్లేవాళ్లు ఉంటారు, వచ్చినవాణ్ని పట్టేవాళ్లు ఉంటారు. అక్కడ ఈ రెండు పనులకూ వేరువేరు మనుషులు. బంతి చేతిలో ఉండి ముందుకెళ్లే పదకొండు మందిని ఆఫెన్స్ అంటారు, అవతలివాళ్లను ఆపే పదకొండు మందిని డిఫెన్స్ అంటారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్లలేమనిపిస్తే నాలుగోసారి బంతిని బలంగా తన్ని అవతలివాళ్లకు వదిలేయాలి. ఆ తన్నడాన్ని పంట్ అంటారు. పంటలకు పేరుపడ్డ రాష్ట్రంలో చివరికి పంటే మిగిలిందని మాలో మేం నవ్వుకునేవాళ్లం.

నేను వెళ్లిన ఏడాదే కర్క్ ఫెరెంట్జ్ అనే ఆయన ప్రధాన కోచ్‌గా వచ్చారు. ఆ మొదటి ఏడాది పదకొండు ఆటలాడి ఒక్కటే గెలిచారు. మూడేళ్లు తిరిగేసరికి, 2002లో, పదకొండు గెలిచారు. తమ కాన్ఫరెన్స్‌లో ఒక్క ఆటా ఓడలేదు. అలాంటి మనిషిని ఆ ఊరు ఎలా మర్చిపోతుంది? ఇప్పుడు నేను చెప్పబోయే సంగతులన్నీ జరిగినా ఆయన మీద గౌరవం పోలేదంటే కారణం అదే.

2017లో ఆయన పెద్దకొడుకు బ్రయన్ ఆఫెన్స్ బాధ్యత తీసుకున్నారు. ఆయనా ఆ జట్టులో ఆడినవారే. బంధువుల నియామకం మీద నిబంధనలు ఉన్నాయి కాబట్టి కాగితం మీద ఆయన తండ్రికి కాకుండా క్రీడల డైరెక్టరుకు జవాబుదారీ. మన దగ్గర హెడ్మాస్టారి అబ్బాయి అదే బడిలో చదివితే క్లాసులో వాడి పరిస్థితి ఎలా ఉండేదో మీకు తెలుసు. మార్కులొస్తే నాన్న వేయించాడంటారు. రాకపోతే నాన్న ఉండి కూడానా అంటారు. ఆటలు బాగా సాగినన్నాళ్లు ఎవరూ గట్టిగా అనలేదు. సాగనప్పుడు ప్రతి తప్పుకూ ఇంటిపేరు అంటుకుంది.

2022 సెప్టెంబరు 3. సౌత్ డకోటా స్టేట్‌తో మొదటి ఆట. మేం 7-3తో గెలిచాం. ఏడు అంటే ఒక టచ్‌డౌన్, ఆరు, దాని మీద ఒకటి అనుకుంటారు ఆట తెలిసినవాళ్లు. కాదు. ఒక ఫీల్డ్ గోల్‌కు మూడు, మిగతా నాలుగూ మా డిఫెన్స్ అవతలివాళ్లను వాళ్ల గీత వెనకే పడేసి రెండేసి చొప్పున రెండుసార్లు తెచ్చినవి. అంటే కూతకెళ్లినవాళ్లు తెచ్చినదానికంటే పట్టేవాళ్లు తెచ్చిందే ఎక్కువ. గెలిచి కూడా తలదించుకుని ఇంటికి వెళ్లిన ఆట నాకు అదొక్కటే. ఆ ఏడాది గజాల లెక్కలో 131 జట్లలో మాది 130వ స్థానం. అయినా ఎనిమిది ఆటలు గెలిచాం. చివరి బౌల్ ఆటలో కెంటకీ మీద 21-0. ఆ 21లో 14 డిఫెన్స్ వాళ్లు అవతలివాళ్ల బంతి లాక్కుని పరుగెత్తి తెచ్చినవే.

తర్వాత జరిగింది వింటే మీకు నవ్వొస్తుంది. 2023 ఫిబ్రవరిలో బ్రయన్ ఒప్పందం మార్చారు. జీతంలో 50 వేల డాలర్లు కోసి, జట్టు ఆటకు సగటున 25 పాయింట్లు తేవాలి, కనీసం ఏడు ఆటలు గెలవాలి అని రాశారు. పదమూడు ఆటలకు ఇరవయ్యైదు చొప్పున 325. అభిమానులు ఆ అంకె పట్టుకున్నారు. మొదటి ఆట 24-14తో గెలిచాం. స్టేడియం బయట పలకరింపులన్నీ ఒకటే: "ఒక్కటి తక్కువైంది!" ప్రతి శనివారం గెలుపోటములు వదిలేసి, ఇంకా ఎంత రావాలి అని లెక్కేసుకునే స్థితికి వచ్చాం. ఇంటర్లో మార్కుల కోసమే చదివిన పిల్లాడికి పాఠం గుర్తుండదు చూడండి, అలా తయారయ్యాం.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆ ఏడాది అయిదో ఆటలో మొదటి క్వార్టర్‌బ్యాక్ మోకాలు దెబ్బతిని సీజనంతా పోయింది. ముఖ్యమైన టైట్ ఎండ్లు ఇద్దరూ గాయాలతో తప్పుకున్నారు. వాళ్ల స్థానంలో దిగినవాళ్లు ఇరవై, ఇరవై ఒకటేళ్ల పిల్లలు. అలాంటి పిల్లాడు విసిరిన బంతి నేలపాలైనప్పుడు వేలమంది "బూ" అని అరిస్తే, అందులో నా గొంతూ ఉంది. ఆ రాత్రి ఇంటికెళ్లాక మా అబ్బాయి, "నాన్నా, ఆ ప్లేయర్ వాళ్ల అమ్మ కూడా అక్కడే కూర్చుని ఉంటుంది కదా" అన్నాడు. నాకు అన్నం సయించలేదు. కోచ్‌ని, పద్ధతిని అనడం వేరు. ఆడుతున్న పిల్లాణ్ని అనడం వేరు. ఆ తేడా నాకు నేర్పింది పదేళ్ల కుర్రాడు.

ఆ అక్టోబరు 21న మిన్నెసోటాతో ఆట. 12-10తో వెనకబడి ఉన్నాం, నిమిషంన్నర కూడా లేదు. అవతలివాళ్లు తన్నిన బంతిని అందుకుని మా కుర్రాడు గీత దాకా పరుగెత్తాడు. స్టేడియం ఊగిపోయింది. తర్వాత రీప్లే చూసి, బంతి అందుకునే ముందు చెయ్యి ఊపాడు కాబట్టి చెల్లదన్నారు. ఓడిపోయాం. 1999 తర్వాత మా మైదానంలో మిన్నెసోటా గెలవడం అదే మొదటిసారి. అందరం రిఫరీలను తిట్టాం. నా పక్క సీట్లో ఒక ముసలి రైతు కూర్చుంటాడు, నేను పుట్టకముందు నుంచీ వస్తున్నాడు. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "రెండో సగం మొత్తంలో పన్నెండు గజాలు నడిచాం బాబూ. ఈల మీద కోపం దేనికి?" అన్నాడు.

పది రోజులు తిరక్కుండానే, అక్టోబరు 30న, ఆ సీజన్ తర్వాత బ్రయన్ ఉండరని ప్రకటించారు. అప్పటికి జట్టు ఎనిమిదాడి ఆరు గెలిచి ఉంది! ఆరు గెలిచిన జట్టులో మనిషిని ఎందుకు మారుస్తారని బయటివాళ్లు ఆశ్చర్యపోయారు. మాకు ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత నాలుగూ గెలిచాం. 10-7, 22-0, 15-13, 13-10. మొత్తం పది గెలుపులు. ఆ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్లో మిషిగన్ చేతిలో 26-0, కొత్త సంవత్సరం రోజున టెనెసీ చేతిలో 35-0. పెద్ద జట్లు ఎదురైనప్పుడు దాచుకున్న లోపం బయటపడింది. గజాల లెక్కలో ఆ ఏడాది 133 జట్లలో మాది 133. జట్టులో అందరికంటే పేరు తెచ్చుకున్నవాడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పంటర్ టోరీ టేలర్. ఒక సీజన్‌లో పంట్ చేసిన మొత్తం గజాల్లో 1938 నుంచి నిలిచిన రికార్డును దాటేశాడు. బంతి వదులుకోవడంలో మేం దేశానికే మొదటివాళ్లం అన్నమాట.

ఇంతా చేసి, ఇంత తిట్టుకుంటూ ఎందుకు వెళ్లేవాళ్లం? ఒక్క దృశ్యం చెబుతాను. ఆ స్టేడియాన్ని ఆనుకుని పిల్లల ఆసుపత్రి ఉంది. జబ్బు పడ్డ పిల్లలు పైఅంతస్తు కిటికీల్లోంచి ఆట చూస్తుంటారు. 2017 నుంచి మొదటి క్వార్టర్ అయిపోగానే స్టేడియంలో ఉన్నవాళ్లందరూ, అవతలి జట్టు అభిమానులతో సహా, అటు తిరిగి చేతులూపుతారు. స్కోరు 0-0 అయినా, నోట్లో తిట్టు సగంలో ఉన్నా, లేచి చెయ్యి ఊపాల్సిందే. ఆ నిమిషం అయ్యాక మళ్లీ కూర్చుని మళ్లీ తిట్టుకుంటాం. ఆ రెండూ ఒకే మనసులోంచి వచ్చేవని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎవరికీ పట్టని జట్టుని ఎవరూ తిట్టరు. సీటు ఖాళీ చేసి వెళ్లిపోతారు, అంతే.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను.

మొన్న మంగళవారం వచ్చాను. ఒక్కణ్నే బడంతా తిరిగాను. లైబ్రరీ బీరువాకు తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియలేదు. ప్రయోగశాలలో మనం సంఘం తరఫున ఇచ్చిన సామాన్లలో సగం పెట్టెలు ఇంకా విప్పలేదు. విప్పి చూపించే మాస్టారు బదిలీ అయ్యాక ఆ ఖాళీలో ఎవరూ రాలేదట. అయినా పదో తరగతి ఫలితాలు ఏటా బాగానే వస్తున్నాయి. ఎలా? సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టి చదివిస్తున్న ఈ మాస్టార్ల వల్ల. ఫలితాల ఫొటో మన గ్రూపులో పడుతుంది, మనం చప్పట్ల బొమ్మలు పెడతాం, అయిపోతుంది. గెలుపు లోపాన్ని ఎలా దాచిపెడుతుందో ఇరవయ్యేళ్లు అక్కడ చూసి కూడా ఇక్కడ గుర్తుపట్టలేకపోయాను.

మన మాస్టార్లే మన డిఫెన్స్. వాళ్లు పట్టు వదల్లేదు. కూతకెళ్లి ఖాళీ చేతులతో తిరిగొస్తున్నది మనం, అంటే మన సంఘం. యాభై ఏళ్లలో ఎన్నో శాలువాలు కప్పాం, ఎన్నో శిలాఫలకాలు వేయించాం. ఇచ్చిన వస్తువు వాడుతున్నారా అని తర్వాత ఏడాది వచ్చి అడిగినవాళ్లం ఎంతమంది?

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆ జట్టు మీద వచ్చినంత కోపం నాకు మన బడి మీద ఒక్కరోజూ రాలేదు. ఇన్నాళ్లూ అది నా మంచితనం అనుకున్నాను. కాదు. రాలేదు కాబట్టి, చూడలేదు కాబట్టి కోపం రాలేదు. నేను సీటు ఖాళీ చేసి వెళ్లిపోయినవాణ్ని.

అందుకని ఒక చిన్న ప్రతిపాదన. ఏటా జరిగే మన సమావేశంలో సన్మానాలకు ముందు ఒక గంట తిట్టుకోవడానికి పెట్టండి. ఆ గంటలో ముందు మాస్టార్లు మాట్లాడాలి. ఏది నడవడం లేదో మొహమాటం లేకుండా చెప్పాలి. తర్వాత మనం. నియమాలు రెండే. ఏడాదిలో ఒక్కసారైనా బడి పని జరుగుతున్న రోజున వచ్చి చూసినవాడికే నోరెత్తే హక్కు. పిల్లల్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనకూడదు. మొదటి ఏడాది ఆ తాళంచెవి సంగతి నేను చూస్తాను. సైన్సు పెట్టెలు విప్పి పిల్లలకు చూపించడానికి మన బ్యాచ్‌లో ఇంజనీర్లు ఇక్కడే ముగ్గురున్నారు. వాళ్లు ఒప్పుకున్నాకే ఈ మాట అంటున్నాను.

మార్పు వస్తే అంతా చక్కబడిపోతుందని చెప్పను. 2024లో అయోవాకు కొత్త ఆఫెన్స్ కోచ్ వచ్చారు. సగటు 25 పాయింట్లు దాటింది. గెలిచినవి మాత్రం ఎనిమిదే, ముందటేడు కంటే రెండు తక్కువ. నా పక్క సీటు ముసలాయన అప్పుడూ తిట్టాడు. ఆ తర్వాతి శనివారం నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

వచ్చే ఏడు నేనూ ముందే వస్తాను. సెలవు.