మంచి హెడ్మాస్టరు వెళ్ళిపోయాక బడి ఏమవుతుంది?

(మామిడికుదురులో ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 అనగానే మన పాట, మన ఆట, మన పెద్దల జ్ఞాపకాలు ముందుకొస్తాయి. అవన్నీ ఈ సంచికలో ఉంటాయి. నేను మాత్రం బడి గురించి మాట్లాడతాను. పిల్లల్ని బడికి పంపండి అని చెప్పడానికి రాలేదు. ఆ మాట మీ తాతల కాలం నుంచీ వింటున్నారు. బడిని నడిపేవాళ్ళ గురించి, వాళ్ళు నేర్చుకోవలసిన పని గురించి, అందులో మన చోటు గురించి నాలుగు మాటలు చెబుతాను.

మన కోనసీమలో ఏ ఊళ్ళో అరుగు మీద కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది. "ఫలానా మాస్టారు ఉన్నప్పుడు బడి ఎంత బాగుండేదండీ! ఆయన బదిలీ అయిపోయాక మళ్ళీ మామూలే." ఇందులో ఆ మాస్టారి గొప్పతనం ఉంది, మన బడి బలహీనత కూడా ఉంది. ఒక్క మనిషి వెళ్ళిపోతే కూలిపోయే మంచిని బాగుపడటం అని ఎలా అంటాం?

బదిలీల లెక్క చూడండి. మన రాష్ట్రంలో హెడ్మాస్టరు ఒకే బడిలో ఐదు విద్యా సంవత్సరాలు, మిగతా ఉపాధ్యాయులు ఎనిమిదేళ్ళు పూర్తిచేస్తే తప్పనిసరిగా మారాలి. అంటే ఆరో తరగతిలో చేరిన మన పిల్ల పదో తరగతి పరీక్ష రాసేలోగా హెడ్మాస్టరు మారిపోవడం చాలా మామూలు సంగతి. బదిలీలు తప్పని నేను అనను. మారుమూల లంక ఊరికి కూడా మంచి టీచరు రావాలంటే బదిలీలు ఉండాల్సిందే. మరి మంచి పద్ధతి బడిలో నిలవాలంటే ఎలా? అది ఒక్క తలలో ఉండకూడదు, ఒక జట్టు చేతిలో ఉండాలి. హెడ్మాస్టరు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, తల్లిదండ్రుల కమిటీ కలిస్తే ఆ జట్టు. ఆ జట్టుకు శిక్షణ కావాలి.

ఈ సంగతి మన రాష్ట్రానికి కొత్త కాదు. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. 'అపెప్' అంటే పాతతరం టీచర్లకు వెంటనే గుర్తొస్తుంది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా పనిచేయాలి, ఊళ్ళో దొరికే వస్తువులే పాఠానికి సామగ్రి కావాలి, పిల్లలు చేసినవి గోడల మీద కనిపించాలి అని ఆ పథకం చెప్పింది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు. నా దృష్టిలో అందులో అన్నిటికంటే విలువైనది ఆ కలిసి కూర్చోవడమే. 1996లో పథకం ముగిసింది. ఆ తర్వాత డీపీఈపీ, సర్వశిక్షా అభియాన్, 2019లో 'నిష్ఠా' వచ్చాయి. పథకాల పేర్లు మారినా ఒక చిక్కు మాత్రం మారలేదు. శిక్షణకు వెళ్ళి వచ్చిన టీచరు సోమవారం ఒంటరిగా తరగతిలోకి వెళతాడు. విన్నది ఎవరితో కలిసి చేయాలి? కుదరకపోతే ఎవరిని అడగాలి? ఆ తోడు దొరక్కపోతే పుస్తకం బీరువాలోకి పోతుంది, శిక్షణ హాజరుపట్టీ దగ్గరే ఆగిపోతుంది.

హెడ్మాస్టర్లకు ప్రత్యేకంగా నేర్పాలన్న ఆలోచన దేశంలో కొంచెం ఆలస్యంగా బలపడింది. 2012లో ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళికా విశ్వవిద్యాలయంలో పాఠశాల నాయకత్వ కేంద్రం పెట్టారు. హెడ్మాస్టరు నేర్చుకోవలసిన పనులను అక్కడ ఏడు భాగాలు చేశారు. ఆఫీసు పని అందులో ఒక భాగమే. జట్టును తయారుచేయడం ఒకటి, ఊరితో కలిసి పనిచేయడం మరొకటి. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లతో పాటు హెడ్మాస్టర్లు కూడా ఏటా కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలని చెప్పింది. మంచిదే. ఆ 50 గంటల్లో కొన్ని గంటలు బడిలోనే, తన టీచర్లతో, మన తల్లిదండ్రులతో కలిసి కూర్చుంటే ఆ శిక్షణకు వేరు పడుతుంది.

మన పిల్లల విషయంలో ఆ వేరు మరీ ముఖ్యం. గోదావరికి వరదొచ్చి అప్పనపల్లి కాజ్‌వే మునిగితే ఎన్ని రోజులు ఏ పిల్లలు ఆగిపోతారో కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుకు తెలియదు. పనికోసం వలసపోయిన కుటుంబం పిల్లల్ని వెంట తీసుకెళ్ళిందా, అమ్మమ్మ దగ్గర వదిలిందా అన్నది మన పేటలో అందరికీ తెలుసు, బడి రిజిస్టరుకు తెలియదు. అక్కడ 'ఆబ్సెంట్' అని మాత్రమే ఉంటుంది. మాట సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై ఏళ్ళ కిందట కోయ, సవర, కువి, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో ప్రాథమిక పాఠాలు తయారుచేశారు. ఆ ఎనిమిదిలో ఎరుకల మాట లేదు. ఇంట్లో ఎరుకల మాట వింటూ పెరిగిన ఒకటో తరగతి పిల్ల నోరు విప్పకపోతే, ఆమెకు రాదని అనుకోకుండా ఇంటి మాట వేరని టీచరుకు చెప్పేవాళ్ళు ఎవరు? మనమే.

చెప్పడానికి మనకు చోటు కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మనలాంటి వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఇవ్వాలి. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ పని. 2019లో మొదలైన నాడు-నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే జరిగాయి. మరుగుదొడ్లు, ఫ్యాన్లు, ప్రహరీల లెక్కలు మన తల్లులు చూడగలిగారంటే, ఏ పిల్లకు చదవడం వచ్చింది, ఏ పిల్లకు రాలేదు అన్న లెక్క కూడా చూడగలరు.

అయినా మనవాళ్ళు సమావేశంలో గుమ్మం దగ్గరే నిలబడతారు. చూపించిన చోట సంతకమో వేలిముద్రో వేసి వచ్చేస్తారు. దీన్ని చేతకానితనం అనకండి. 1871లో బ్రిటిషువాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం ఎరుకల కుటుంబాల మెడకూ చుట్టుకుంది. అది రద్దయ్యేదాకా ఆఫీసంటే హాజరు వేయించుకోవలసిన చోటు, ఆఫీసరంటే అనుమానంగా చూసే మనిషి. ఆ భయం తాతల నుంచి అమ్మానాన్నలకు వచ్చింది. అది మీ తరంతో ఆగాలి.

అందుకని మిమ్మల్ని నాలుగు పనులు అడుగుతున్నాను.

మొదటిది. మీ పేటలో బడికి వెళ్ళే పిల్లల పట్టిక మీ దగ్గర ఉంచుకోండి. పేరు, తరగతి, వారంలో ఎన్ని రోజులు వెళ్ళారు, తెలుగు పుస్తకం ఒక పేజీ తడుముకోకుండా చదవగలరా. ఒక నోటుపుస్తకం చాలు.

రెండోది. కమిటీ ఎన్నిక వచ్చినప్పుడు మన తల్లులు ఒకరిద్దరు నిలబడేలా చూడండి. సమావేశానికి ముందురోజు అభివృద్ధి ప్రణాళిక అడిగి తెచ్చి, వాళ్ళకు చదివి వినిపించండి. అడగవలసిన రెండు ప్రశ్నలు ఇంట్లోనే అనుకుని వెళితే గుమ్మం దాటడానికి ధైర్యం వస్తుంది.

మూడోది. హెడ్మాస్టరు గారిని గౌరవంగా ఒకటి కోరండి. "సార్, ఈ ఏడాదికి ఒక్క లక్ష్యం పెట్టుకుందాం. మూడో తరగతి దాటిన ప్రతి పిల్లకూ చదవడం రావాలి. నెలకోసారి మీరు, టీచర్లు, కమిటీవాళ్ళు గంటసేపు కూర్చుని ఎంతవరకు వచ్చిందో చూద్దాం." పది లక్ష్యాలు గోడమీద రాయడం తేలిక. ఒక్కటి ఏడాది పొడవునా పట్టుకుంటే జట్టు దానంతటదే పని నేర్చుకుంటుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఆ నెలనెలా మాటలు ఒక పుస్తకంలో రాయించండి. ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏ పిల్ల ఎక్కడ ఆగింది. హెడ్మాస్టరు బదిలీ అయితే సన్మానం చేయండి, శాలువా కప్పండి. అదే రోజు ఆ పుస్తకం కొత్తగా వచ్చినవారి చేతిలో పెట్టండి. వారు మొదటినుంచి మొదలుపెట్టే అవసరం ఉండదు.

2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా లంబాడీ బిడ్డ, తాడ్వాయి గురుకుల విద్యార్థిని. మనమంతా గర్వపడ్డాం. శిఖరం మీద నిలబడింది ఆమె. ఆమెను గుర్తించిన గురుకుల సంస్థ, భువనగిరి కొండమీద తాడు పట్టడం నేర్పిన శిక్షకులు, పంపడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులు ఆమె వెనక ఉన్నారు. మన మామిడికుదురు పిల్లలకు ఎవరెస్టు దాకా అక్కర్లేదు, ముందు ఐదో తరగతి పుస్తకం తడుముకోకుండా చదవగలిగితే చాలు. దానికీ అలాంటి జట్టే కావాలి.

హెడ్మాస్టర్లు వస్తారు, వెళతారు. మీరు ఈ ఊళ్ళోనే ఉంటారు, లేదా పండక్కి ఈ ఊరికే వస్తారు. రేపు మీ పిల్లలు చేరేది కూడా ఈ బడిలోనే కావచ్చు. వచ్చే కమిటీ సమావేశం ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి.

సెలవు. జై ఆదివాసీ.