హాజరు పట్టీలో ఆగిపోయిన పేరు

(ప్లాటినం జూబ్లీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మా తరగతి పక్షాన నాటి జ్ఞాపకాలను నాలుగు మాటలలో చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. మేము 1971 జూన్‌లో ఎనిమిదవ తరగతిలో చేరి, 1974లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష వ్రాసినవారము. చేరిన నాడు మనది మైసూరు రాష్ట్రం. మేము పదవ తరగతిలో ఉండగా, 1973 నవంబరు 1వ తేదీన, అది కర్ణాటక అయింది. నోటు పుస్తకాల అట్టలపై ఉన్న పాత పేరు కొట్టివేసి, కొత్త పేరు వ్రాసుకొని ఎంతో మురిసిపోయాము.

మన ఆనేకల్ సరిహద్దు ఊరు. ఊరి పేరుకు కన్నడంలో వడగల్లు అని అర్థం చెబుతారు. వీధిలో కన్నడం, ఇంటిలో తెలుగు, అత్తిబెలె దాటి హోసూరు వైపు వెళితే తమిళం. సంతకు వెళ్ళి వచ్చేసరికి మా నోట మూడు భాషలూ కలిసిపోయేవి. "వాడు ఇంట్లో ఉండాడు సార్" అని మేమంటే మా తెలుగు పంతులుగారు ఎన్నడూ నవ్వలేదు. నల్లబల్లపై 'ఉన్నాడు' అనీ, 'ఉండాడు' అనీ రెండూ వ్రాసి, "మొదటిది పరీక్షలో వ్రాయండి, రెండవది అమ్మతో మాట్లాడండి, దేనికీ సిగ్గుపడవద్దు" అన్నారు. మా ఇంటి భాషకు బడిలో దొరికిన మొదటి గౌరవం అది.

ముత్యాల మడుగుకు వెళ్ళిన విహారయాత్రను మా వాళ్ళెవరూ మరచిపోలేదు. ఊరి నుండి సుమారు 5 కిలోమీటర్లు, అంతా నడకే. చద్దిమూటలు విప్పి అందరం పంచుకొని తిన్నాము. కొండ మీది నుండి రాలే నీటి తుంపరలు నిజంగా ముత్యాలేనేమో అన్నంత ఆశ్చర్యంగా చూశాము.

2024లో మా పరీక్షకు యాభై ఏండ్లు నిండిన సందర్భంగా మేమంతా ఒకచోట కలుసుకొన్నాము. 1978లో హోసూరు రోడ్డుపై ఎలక్ట్రానిక్ సిటీ మొదలైన తరువాత, బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ప్రాంతాలలో కర్మాగారాలు వెలసిన తరువాత, మాలో పలువురు వాటిలో చేరి జీవితాలను దిద్దుకొన్నారు. కొందరు ఉపాధ్యాయులయ్యారు, కొందరు సేద్యంలోనే నిలిచారు. ఆనాడు అందరి జ్ఞాపకాలూ ఒకటిగా లేవు. ముత్యాల మడుగులో వాన కురిసిందని ఒకరు, లేదని మరొకరు వాదులాడుకొన్నారు. ఆ వాదం తేల్చడానికి ఒక మిత్రుడు మా తరగతి ఛాయాచిత్రం తెచ్చాడు. దానిని చేతులు మార్చుకొంటూ ముఖాలు గుర్తుపడుతుండగా ఒక సహాధ్యాయిని అడిగింది: "మూడో బల్లలో కూర్చునే నేతవారి పిల్లవాడు ఇందులో ఏడీ?"

ఎవరమూ మాట్లాడలేకపోయాము.

పెద్దలారా, ఇక్కడ నేను ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ పిల్లవాడి పేరు సభాముఖంగా చెప్పను, ఆయనకు అది ఇష్టం లేదు. వాళ్ళది పట్టు నేసే ఇల్లు. తెల్లవారుజామున లేచి కండెలు చుట్టి, వ్రేళ్ళకు రంగు మరకలతోనే బడికి వచ్చేవాడు. లెక్కలలో మా అందరికంటే ముందుండేవాడు. పదవ తరగతిలో సంక్రాంతి తరువాత రాలేదు. పంతులుగారు రోజూ పేరు పిలిచేవారు. నేను తరగతి నాయకుణ్ణి. "రాలేదు సార్" అని రోజూ నేనే జవాబు చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ పేరు పిలవడం ఆగిపోయింది. వాళ్ళ ఇల్లు మా వెనుక వీధిలోనే ఉంది. ఒక్కనాడైనా వెళ్ళి "ఎందుకు రాలేదురా?" అని నేను అడగలేదు. పరీక్ష రుసుము కట్టలేక మానివేశాడని తరువాత తెలిసింది. చెప్పి ఉంటే పంతులుగారే తమ చేతి నుండి కట్టేవారు. అంతకు ముందు ఇద్దరికి కట్టారు కూడా. ఆయనకు తెలియజేయవలసినవాణ్ణి నేను.

ఆ కలయిక ముగిసిన మరునాడు నలుగురం వాళ్ళ ఇంటికి వెళ్ళాము. మగ్గం ఇప్పుడు లేదు, అది ఉన్న గుంత పూడ్చి గచ్చు చేశారు. మమ్మల్ని చూసి నవ్వుతూ చాప పరిచాడు. ముత్యాల మడుగులో వాన కురిసిన మాట నిజమేనని, ఎవరి చద్దిమూట తడిసిందో కూడా చెప్పి, మా వాదం తీర్చాడు. మూడేండ్ల పాఠాలూ వరుసగా చెప్పగలడు. సెలవు తీసుకొనేటప్పుడు మెల్లగా, "మీరంతా పరీక్షకు పోయిన పొద్దు నేను మగ్గం మింద కూర్చోలేదురా. గంట వినపడతాదేమో అని వాకిట్లోనే ఉంటిని" అన్నాడు. నేను తప్పు ఒప్పుకోబోతే, "నువ్వూ పిల్లోడివే కదరా" అని భుజం తట్టాడు. ఆ మాట నన్ను ఓదార్చింది గాని, నా బాధ్యతను తీర్చలేదు.

ఈ కథ పాతదైపోలేదు. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. పదవ తరగతికి వచ్చేసరికి పిల్లవాడు సాధారణంగా ఆ వయస్సు దాటుతాడు. ఇల్లు సహాయం కోరే వయస్సూ అదే. నాడు మగ్గం పిలిచింది. నేడు కర్మాగారం పిలవవచ్చు, కట్టడపు పని పిలవవచ్చు, ఊరు మారిన తల్లిదండ్రుల వెంట బడి మానవలసి రావచ్చు.

అందుచేత మా తరగతి తరఫున మూడు విన్నపాలు. ఉపాధ్యాయులారా, ఒక పేరు వరుసగా మూడు రోజులు పలకకపోతే ఆ ఇంటికి ఒకరిని పంపండి. తల్లిదండ్రులారా, డబ్బు లేదని చెప్పడానికి సంకోచించకండి, పదవ తరగతి పరీక్ష రుసుము కట్టలేని ప్రతి బిడ్డకూ మేము కట్టడానికి నిశ్చయించుకొన్నాము. పూర్వ విద్యార్థులారా, మీ మీ తరగతుల ఛాయాచిత్రాలలో ఉన్నవారిని లెక్కించిన తరువాత, హాజరు పట్టీ తెరచి లేనివారిని కూడా లెక్కించండి.

చిరంజీవులారా, మీ ప్రక్క బల్ల ఖాళీగా ఉంటే, "రాలేదు సార్" అని ఊరుకోకండి. సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళి పిలవండి.

నా మిత్రుడు ఈ సభకు వచ్చాడు. వెనుక వరుసలో కూర్చున్నాడు. ఈ మధ్యాహ్నం మా తరగతి మరల ఛాయాచిత్రం తీయించుకొంటున్నది.

డెబ్బది ఐదేండ్లుగా వేలమందికి నీడనిచ్చిన ఈ విద్యాలయం కలకాలం వర్ధిల్లాలని కోరుకొంటున్నాను.