బావి నీళ్లు తేటగా ఉంటే చాలా?
(సత్తెనపల్లి మండల గ్రామాల కోసం తాగునీటి పరీక్షలపై చెప్పిన మాటలు)



"తాతల నాటి నుంచి ఈ బావి నీళ్లే తాగుతున్నాం, మాకేమైంది?" అని మీరు అడగొచ్చు. అడగడంలో తప్పు లేదు. కానీ తాతల నాడు చేలల్లో ఇంత యూరియా పడలేదు, బావి పక్కన ఇన్ని మరుగుదొడ్ల గుంతలూ లేవు. పత్తికి, మిర్చికి వేసిన ఎరువులో మొక్క తీసుకోగా మిగిలింది వానతో భూమిలోకి దిగి నైట్రేట్‌గా నీళ్లలో కలుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి ఉన్న నీళ్లతో పాలపొడి కలిపి పడితే, పసిబిడ్డ రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

ఫ్లోరైడ్ మన వైపు కొత్తది కాదు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఆ జబ్బును డాక్టర్లు 1937లోనే రాసి పెట్టారు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మించితే ముందు పిల్లల పళ్ల మీద మరకలు వస్తాయి, ఏళ్లు గడిచాక కీళ్లు బిగుసుకుంటాయి.

"కాచి తాగుతాం కదండీ" అంటారు. కాచితే క్రిములు చస్తాయి, మంచిదే. నైట్రేట్, ఫ్లోరైడ్ మాత్రం పోవు. నీళ్లు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడతాయి.

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్టుతో పరీక్ష చేయడం నేర్పాలి. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీ కార్యదర్శిని అడగండి. రసాయనాల పరీక్ష ఏడాదికి ఒకసారి, క్రిముల పరీక్ష వానలకు ముందు, తర్వాత చేయించాలి. క్రిముల సీసాను గీత దాకా నింపి, మూత లోపల వేలు తగలనీయకుండా బిగించి, 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దు, పంచాయతీకి చెప్పి బావిలో బ్లీచింగ్ వేయించండి. నైట్రేట్, ఫ్లోరైడ్ ఎక్కువని కిట్టు చూపిస్తే గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలి.

పురుగుమందులు ఈ కిట్టుకు దొరకవు. అందుకని మందు కొట్టిన ట్యాంకును బావి గట్టున కడగొద్దు.

చెడ్డ నీళ్ల బోరుకు ఎర్ర రంగు వేస్తామంటే కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఊరికి చెడ్డపేరట, పిల్లలకు సంబంధాలు రావట! ఫ్లోరైడ్ ఎక్కువున్నా ఆ నీళ్లు బట్టలు ఉతుక్కోడానికి పనికొస్తాయి. తాగడానికి, వండడానికి వద్దని చెప్పేందుకే ఆ రంగు. సాగర్ కాలువ కట్టేసిన రోజుల్లో బిందె పట్టుకుని అక్కడికి వచ్చే పిల్లకు అది కనబడాలి.

ల్యాబ్‌కు పంపే సీసా మీద ఏ బావి నీళ్లో, ఏ రోజు, ఎన్ని గంటలకు పట్టారో రాయండి. ఒకసారి నా దగ్గరికి మూడు సీసాలు పేర్లు లేకుండా వచ్చాయి. ఒకదాంట్లో ఫ్లోరైడ్ ఎక్కువుంది. ఏ బావిదో తెలియక మూడింటి దగ్గరా మళ్లీ నీళ్లు పట్టించాల్సి వచ్చింది.