చెప్పుకునే పేరు, వేసే ఓటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "కాలేజీలో ముప్పై ఏళ్ళు రాజనీతి శాస్త్రం చెప్పావు కదా, ఓ పావుగంట ఏదైనా మాట్లాడు. రాజకీయాలు మాత్రం వద్దు" అన్నారు. వంటవాణ్ణి పిలిచి పొయ్యి ముట్టించొద్దన్నట్టుంది ఇది. అయినా ఆయన భయం నాకు అర్థమైంది. గత ఎన్నికలప్పుడు మన వాట్సాప్ గ్రూపులో ఏం జరిగిందో మీకు తెలుసు. కొందరు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న నా స్నేహితులు ఇద్దరు, వాడొస్తే నేను రానంటే నేను రానని పంతాలు పట్టి, చివరికి ఇద్దరూ ఈ సభకు రాలేదు. యాభై ఏళ్ళ సంఘానికి ఇది చిన్న నష్టం కాదు.

కాబట్టి ఏ పార్టీ మంచిదో నేను చెప్పను. మనిషి తన రాజకీయానికి తాను పెట్టుకునే పేరు ఒకటి. బూత్‌లోకి వెళ్ళి అతను వేసే ఓటు ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య మనం అనుకునేదానికన్నా చాలా దూరం ఉంటుంది. ఇవాళ ఆ దూరం గురించే నాలుగు మాటలు.

ఈ విషయాన్ని అందరికన్నా ఎక్కువకాలం, ఎక్కువ ఓపికతో పరిశీలించింది అమెరికాలో. అక్కడ ప్రజలు తమను తాము కన్సర్వేటివ్ అనో, లిబరల్ అనో చెప్పుకుంటారు. మన మాటల్లో సంప్రదాయవాది, ఉదారవాది అనుకుందాం. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్నులు తక్కువుండాలి, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి అనేది మొదటి వర్గం మాట. పేదకు, వృద్ధుడికి, రోగికి ప్రభుత్వం అండగా ఉండాలి అనేది రెండో వర్గం మాట.

లాయిడ్ ఫ్రీ, హ్యాడ్లీ క్యాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లో సర్వేలు చేసి, 1967లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ళు ఒక తెలివైన పని చేశారు. ప్రశ్నలను రెండు రకాలుగా అడిగారు. మొదటి రకం సిద్ధాంతం గురించి: ప్రభుత్వ జోక్యం ఎక్కువైందా? పేదరికానికి మనిషే బాధ్యుడా? రెండో రకం పనుల గురించి: వృద్ధుల వైద్యానికి ప్రభుత్వం ఖర్చు పెట్టాలా? బడులకు సాయం చేయాలా? నిరుద్యోగం తగ్గించాలా? సిద్ధాంతం అడిగితే సుమారు సగం మంది సంప్రదాయవాదులుగా తేలారు. పనుల గురించి అడిగితే మూడింట రెండు వంతుల మంది ఉదారవాదులుగా తేలారు. అంటే చాలామంది మాటలో ఒక వైపు, అవసరంలో మరో వైపు ఉన్నారు. ఆ తర్వాత క్రిస్టఫర్ ఎల్లిస్, జేమ్స్ స్టిమ్సన్ దశాబ్దాల సర్వేలను కలిపి చూసి 2012లో పుస్తకం రాశారు. వాళ్ళు కనుక్కున్నదీ దాదాపు ఇదే.

ఇంకో లెక్క చూడండి. 1992 నుంచి గ్యాలప్ సంస్థ ఏటా విడుదల చేసే లెక్కల్లో, తమను సంప్రదాయవాదులమని చెప్పుకునేవారు ఉదారవాదులమని చెప్పుకునేవారికన్నా ఎక్కువగానే ఉంటూ వచ్చారు. కానీ 1992 నుంచి 2024 దాకా జరిగిన 9 అధ్యక్ష ఎన్నికల్లో, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు డెమొక్రాట్లకే 7 సార్లు వచ్చాయి. మధ్యేవాదులమని చెప్పుకునే పెద్ద గుంపు అటు మొగ్గడం ఇందుకు ఒక కారణం. పేరు వేరు, పని వేరు కావడం మరో కారణం.

సర్వేల్లో జనం ఏదో ఒకటి చెబుతారు, నమ్మలేం అంటారా? ఓట్లే చూద్దాం. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో అభ్యర్థులతోపాటు కొన్ని చట్టాల మీద కూడా ప్రజలు నేరుగా ఓటు వేస్తారు. 2020 నవంబరులో ఫ్లోరిడా ఓటర్లు ట్రంప్‌ను 51 శాతం ఓట్లతో గెలిపించారు. అదే రోజు, అదే ఓటుపత్రంలో, కనీస వేతనాన్ని క్రమంగా గంటకు 15 డాలర్లకు పెంచే సవరణను దాదాపు 61 శాతం ఓట్లతో ఆమోదించారు. ఆ వేతనం పెంపు డెమొక్రాట్ల నినాదం. ఇది విని ఒక వర్గం వాళ్ళు చప్పట్లు కొట్టేలోపు కాలిఫోర్నియా సంగతీ చెబుతాను. అదే రోజు అక్కడ బైడెన్‌కు 63 శాతం పైగా ఓట్లు వచ్చాయి. ఉదారవాదానికి పేరుపడ్డ రాష్ట్రం. కానీ ప్రభుత్వ ఉద్యోగాల్లో, కాలేజీ ప్రవేశాల్లో జాతిని, స్త్రీపురుష భేదాన్ని లెక్కలోకి తీసుకునే వీలును తిరిగి కల్పించే ప్రతిపాదనను 57 శాతం మంది తిరస్కరించారు. చూశారా, ఈ తేడా ఒక వర్గానికే ఉన్న జబ్బు కాదు.

మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది అమెరికాలో స్థిరపడ్డారు. కొందరు ఈ సభకోసమే ఇంత దూరం వచ్చారు. వారికి సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. 2020లో కార్నెగీ సంస్థ పరిశోధకులు భారతీయ అమెరికన్లలో సర్వే చేశారు. ఓటర్లుగా నమోదైనవారిలో 72 శాతం బైడెన్‌కు వేస్తామన్నారు. అయితే అమెరికా వ్యవహారాల్లో ఉదారంగా ఉన్న అదే మనుషులు, భారతదేశ వ్యవహారాలకొచ్చేసరికి కొంత సంప్రదాయం వైపు మొగ్గారు. ఒకే మనిషి, రెండు దేశాలు, రెండు చూపులు. అక్కడ తాము అల్పసంఖ్యాకులు, ఇక్కడ తమలో ఎక్కువమంది అధికసంఖ్యాకులు. నిలబడ్డ చోటు మారితే చూపు మారుతుందని నాకు అనిపిస్తుంది.

ఇక మన ఇంటికొద్దాం. మన దేశంలో "మీరు లెఫ్టా, రైటా?" అని అడిగితే సగం మంది తిరిగి మన మొహమే చూస్తారు. అది వాళ్ళ తెలివితక్కువతనం కాదు. ఆ పేర్లకు ఇక్కడ అంత అర్థం లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షన్ ప్రకారం, 1989 నుంచి రిజిస్ట్రేషన్ కోరే ప్రతి పార్టీ సోషలిజానికి, లౌకికవాదానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటామని రాసివ్వాలి. అంటే కాగితం మీద మన దేశంలో సోషలిస్టు కాని రిజిస్టర్డ్ పార్టీయే ఉండకూడదు! ఆ కాగితం చూసి ఎవరైనా ఓటు వేస్తారా?

మన తెలంగాణనే చూడండి. 2023 నవంబరు 30న అసెంబ్లీకి ఓటు వేశాం. 2024 మే 13న లోక్‌సభకు వేశాం. మధ్యలో ఐదున్నర నెలలు. బీజేపీ ఓట్లు దాదాపు 14 శాతం నుంచి 35 శాతానికి పెరిగాయి. బీఆర్‌ఎస్ ఓట్లు 37 శాతం నుంచి 17 శాతానికి పడిపోయాయి. అసెంబ్లీలో 39 స్థానాలు గెలిచిన పార్టీకి లోక్‌సభలో ఒక్కటీ రాలేదు. ఢిల్లీలోనూ అంతే. 2019 మేలో లోక్‌సభ స్థానాలు 7కు 7 బీజేపీకి ఇచ్చినవాళ్ళు, 2020 ఫిబ్రవరిలో అసెంబ్లీ స్థానాలు 70లో 62 ఆమ్ ఆద్మీ పార్టీకి ఇచ్చారు. కొన్ని నెలల్లో లక్షలమంది సిద్ధాంతాలు మారిపోయాయా? లేదు. ప్రశ్న మారింది. రాష్ట్రాన్ని ఎవరు నడపాలి అన్నది ఒక ప్రశ్న, దేశాన్ని ఎవరు నడపాలి అన్నది మరో ప్రశ్న. గెలిచే వీలు ఎవరికుంది, అభ్యర్థి ఎవరు, కష్టమొస్తే ఎవరి గడప తొక్కగలం, మన కులంవాడా, మన ఊరికి రోడ్డు వేసినవాడా, ఇన్ని లెక్కలు ఆ ఒక్క బటన్ వెనుక ఉంటాయి. సిద్ధాంతం వాటిలో ఒకటి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి, ఉచితాలు. ఈ మాట వినగానే మన తరంవాళ్ళకు రక్తపోటు పెరుగుతుంది. "ఉచితాలతో దేశం నాశనమైపోతోంది" అని అనని రిటైర్డ్ ఉద్యోగిని నేను ఇంతవరకు చూడలేదు. నేను క్లాసులో ఒక పని చేయించేవాణ్ణి. మొదట, "ఉచిత పథకాలు ఉండాలా, వద్దా?" అని చేతులెత్తమనేవాణ్ణి. దాదాపు అందరూ వద్దనేవారు. తర్వాత బోర్డు మీద ఒక జాబితా రాసేవాణ్ణి: బడిలో మధ్యాహ్న భోజనం, ఉచిత పాఠ్యపుస్తకాలు, బస్ పాస్, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆరోగ్యశ్రీ, రేషన్ బియ్యం, రైతుకు ఉచిత కరెంటు. "వీటిలో ఏది ముందు కొట్టేద్దాం?" అనేవాణ్ణి. క్లాసంతా నిశ్శబ్దం. కాసేపటికి ఎవరో ఒకరు లేచి, "సార్, ఇవి ఉచితాలు కాదు కదా!" అనేవారు. మనకు అందేది హక్కు, పక్కవాడికి అందేది ఉచితం. అమెరికాలో ఫ్రీ, క్యాంట్రిల్ రెండు రకాల ప్రశ్నలతో పట్టుకున్నదాన్ని మా పిల్లలు ఒక్క వాక్యంలో చెప్పేశారు.

రాజకీయ పార్టీలకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. 2004 మేలో రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి కాగానే రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయి! రాష్ట్రమే రెండయింది. చౌక బియ్యం ఆగలేదు, ఉచిత కరెంటు ఆగలేదు, ఆరోగ్యశ్రీ ఆగలేదు. ధరలు మారాయి, పరిమితులు మారాయి. కొట్టేసే ధైర్యం మాత్రం ఏ రంగు జెండాకూ లేకపోయింది.

ఇదంతా విని, "అయితే జనం కపటులు, చెప్పేదొకటి చేసేదొకటి" అని మీరనుకుంటే నా పావుగంట వృథా. నేను అలా అనుకోను. పేరు మనకు గుర్తింపు. నాన్న మోసిన జెండా, చదువుకున్న రోజుల్లో పనిచేసిన విద్యార్థి సంఘం, మెచ్చుకున్న నాయకుడు, ఇవన్నీ కలిస్తే ఆ పేరు. అందులో అభిమానం ఉంటుంది, కృతజ్ఞత ఉంటుంది. ఓటు అలా కాదు. ఈసారి, ఈ ఊళ్ళో, ఈ అభ్యర్థుల్లో ఎవరు అన్న లెక్క అది. అమెరికా పరిశోధకుడు ఫిలిప్ కన్వర్స్ 1964లో ఒక వ్యాసం ప్రచురించాడు. పార్టీలను, అభ్యర్థులను ఒక సిద్ధాంతపు కొలతతో కొలిచి చూసేవారు ఓటర్లలో వందకు నలుగురు కూడా లేరని అందులో తేల్చాడు. మిగతావాళ్ళలో ఎక్కువమంది తమ వర్గానికేం మేలు జరుగుతుంది, కాలం బాగుందా లేదా అని చూసి వేస్తున్నారు. రోజూ టీవీ ముందు కూర్చుని వాదించే మనబోటివాళ్ళం ఆ కొద్దిమందిని చూసి, లోకమంతా ఇలాగే ఉంటుందనుకుంటాం.

పైగా చట్టమే ఈ దూరాన్ని కాపాడుతోంది. ఎవరికి ఓటు వేశావో చెప్పమని సాక్షిని కోర్టు కూడా బలవంతపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ చెబుతోంది. కోర్టుకే లేని అధికారం మన వాట్సాప్ గ్రూపుకు ఎక్కడిది?

నేను మొదట్లో చెప్పిన ఇద్దరు స్నేహితుల సంగతి కొంచెం చెప్పాలి. ఒకడు కమ్యూనిస్టునంటాడు, ఇంకొకడు జాతీయవాదినంటాడు. కానీ ఇద్దరూ పాత పెన్షన్ విధానమే ఉండాలంటారు. ఆర్టీసీని ప్రైవేటుకు ఇవ్వకూడదని ఇద్దరూ అంటారు. మనవళ్ళను మాత్రం ఇద్దరూ కార్పొరేట్ స్కూలుకే పంపుతారు. చెరువు ఆక్రమణ మీద ఇద్దరూ వేరువేరుగా కలెక్టరుకు అర్జీలు పెట్టారు. అర్జీల్లో విషయం ఒక్కటే. కలిసి వెళ్ళి ఉంటే ఆ చెరువుకు మరింత బలముండేది. పేర్ల దగ్గర ఆగిపోయినందువల్ల పనికి జరిగిన నష్టం ఇది.

అందుకే గురువులకు ఒక విన్నపం. పిల్లలకు ఇజాల నిర్వచనాలు చెప్పండి, తప్పదు, పరీక్షలో వస్తాయి. దాంతోపాటు నేను చెప్పిన జాబితా కూడా ఒకసారి బోర్డు మీద రాయండి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, డబ్బు ఎక్కడినుంచి తేవాలి అని వాళ్ళ చేతనే లెక్క కట్టించండి. "నువ్వెవరివి?" అని కాకుండా "నీకేం కావాలి, ఎందుకు?" అని అడగడం ఈ వయసులోనే అలవాటైతే, రేపు వాళ్ళ గ్రూపులు చీలిపోవు.

పూర్వ విద్యార్థులకు ఇంకో విన్నపం. మన గ్రూపులో రాజకీయాలు మాట్లాడకూడదనే నిబంధన వద్దు. మాట్లాడుకుందాం. కానీ వాడు ఫలానా పార్టీ మనిషి అన్న దగ్గర మొదలుపెట్టొద్దు. మన మండలంలో టీచరు పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఈ బడి ప్రహరీ ఎప్పుడు పూర్తవుతుంది, ఆ చెరువు ఏమవుతుంది అన్న దగ్గర మొదలుపెడదాం. గ్రూపు వదిలి వెళ్ళినవాళ్ళకు ఈ సాయంత్రమే ఎవరో ఒకరు ఫోన్ చేయండి. నా వంతు ఇద్దరికి నేను చేస్తాను. ఎవరికి ఓటు వేశారని అడగను. చెరువు అర్జీ మీద ఈసారి ముగ్గురం కలిసి సంతకం పెడదామా అని అడుగుతాను.

 కార్యదర్శి గారికి ప్రత్యేకంగా క్షమాపణలు, పొయ్యి కాస్త ముట్టించాను. సెలవు.