అధ్యాహారము

వ్యాకరణమునందును, కావ్యవ్యాఖ్యలయందును 'అధ్యాహార'మను మాట వినబడుచుండును. వాక్యములో చెప్పక విడిచినదానిని వినువాడు తెచ్చుకొని పూరించుకొనుటయే అధ్యాహారము. 'వీడు నా మనుమడు' అందుము. అందు క్రియ లేదు; అయినను అర్థమునకు లోపము లేదు. చలికాలపు రాత్రి ఇంటి పెద్ద 'తలుపు!' అనినచో 'వేయుము' అని గ్రహింతుము. వాకిట చుట్టము నిలిచి పిలుచుచుండగా ఆ పెద్దయే 'తలుపు!' అనినచో 'తీయుము' అని గ్రహింతుము. మాట యొక్కటే, సందర్భమును బట్టి శేషము మాఱినది.

మెదకుసీమలోని కొలిచెలమవాడని ప్రసిద్ధిగల మల్లినాథసూరి, కాళిదాసకావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, తాను పూరించిన పదము వెంట 'ఇతి శేషః' అని గుర్తు పెట్టును. కవి యనినది కాదు, ఇది నేను చేర్చినది యని దాని భావము. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ఆయన ప్రతిజ్ఞ.

ఈ పాఠమును సూర్యాపేటలో ఏండ్ల తరబడి పిల్లలకు చెప్పితిని గాని, ఇంట మఱచితిని. మిర్యాలగూడ చెంత, సాగరు ఎడమకాలువ క్రింద, మా పొలమును తమ్ముడు సేద్యము చేయుచుండెను. 1998లో 'అన్నగారూ, ఈసారి వడ్లు పంపలేను' అని కార్డు వ్రాసెను. కారణము వ్రాయలేదు. పంట చక్కగా పండినదని వింటిని. 'ఇష్టము లేక' యని నేను పూరించుకొంటిని. రెండేండ్లు వాని గడప త్రొక్కలేదు. తుదకు కోదాడలో నొక పెండ్లిలో మా మేనత్త చెప్పగా తెలిసినది: మఱదలికి శస్త్రచికిత్స జరిగెను, వడ్లు ఆ ఖర్చునకే అమ్ముడుపోయెను. కుమారుని చదువునకు అప్పు చేసియున్న నాకు మఱియొక భారము కారాదని వాడు దాచెను.

వాని మౌనములో నున్నది అభిమానము. నేను చేర్చినది అనుమానము. నా చేర్పు వెంట 'ఇతి శేషః' అని వ్రాసికొని యుండినచో, అది వాని మాట కాదని నా కానాడే తెలిసెడిది.

పెద్దలారా! మీ యెదుటకు తగవులు వచ్చుచుండును. 'ఆయన అట్లనెను' అని యొకడు చెప్పునపుడు, ఆయన యనిన దెంత, నీవు చేర్చినది యెంత యని యడుగుడు. మిగిలినది ఆ మనుష్యునినే యడిగి తెలిసికొనుడు. కాళిదాసును అడుగ వీలులేక మల్లినాథుడు ఊహింపవలసివచ్చెను. నా తమ్ముడు ఒక్క బస్సు దూరముననే యుండెను.