లీక్ దొరికింది, కానీ వాల్‌గ్రిండ్ చూపించిన చోట కాదు!

మా సర్వర్ మెమరీ నిండిపోయి రోజూ తెల్లారేసరికి ఆగిపోతోంది. అందులోని సీ నెట్‌వర్క్ లైబ్రరీని వాల్‌గ్రిండ్‌లో నడిపి చూశాను. "డెఫినెట్లీ లాస్ట్" అంటూ గెట్‌అడ్రిన్ఫో ఫంక్షన్ని చూపించింది.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. వాల్‌గ్రిండ్ చెప్పేది మెమరీ ఎక్కడ తీసుకున్నారన్నదే. ఎక్కడ వదిలేశారో మనమే వెతుక్కోవాలి. ఆ ఫంక్షన్ ఇచ్చే అడ్రస్‌ల లిస్టుని, పనయ్యాక ఫ్రీఅడ్రిన్ఫోతో వదిలించాలి. అందుకే ఆ తర్వాత వచ్చే ప్రతి రిటర్న్‌నీ వరసగా చూసుకుంటూ వెళ్లాను. కనెక్షన్ కుదిరితే ఫ్రీ చేస్తోంది. కుదరకపోతే ఫ్రీ చేయకుండానే రిటర్న్ అయిపోతోంది! అవతలి సర్వర్ డౌన్ అయితే మళ్లీ మళ్లీ ప్రయత్నం, ప్రతిసారీ కొంత లీక్. ఒక్క లైన్ చేరిస్తే సరిపోయింది.

మీరూ లీక్ టెస్ట్ చేసేటప్పుడు అవతలి సర్వర్ని ఆపేసి కూడా చూడండి. ఉంటాను మరి!