కాలు తీసిన తరువాత ఇంటిలో

కాలు తీసివేసిన మనిషి ఆసుపత్రి నుండి ఇల్లు చేరగానే ఇంటివారు అతని మోకాలి క్రింద మెత్తని దిండు పెట్టుదురు. ప్రేమతో చేయు పనియే. అయినను ఆ దిండును తీసివేయుడని చెప్పుటకే మేము ముఖ్యముగా ఈ ప్రసంగము చేయుచున్నాము.

మోకాలి దిగువన తీసిన కాలు దిండుపై వంగియుండినచో కొలది వారములలోనే కీలు అట్లే బిగిసిపోవును. బిగిసిన మోకాలికి కృత్రిమపు కాలు సరిగా అమరదు. కావున పరుండినను, కూర్చున్నను మోకాలు చాచియే యుంచవలెను. తొడ వద్ద తీసినవారికి బిగియునది తుంటికీలు. వైద్యుడు వలదననిచో వారు దినమునకు రెండు మూడు మారులు కొంతసేపు బోర్ల పరుండవలెను. మిగిలిన భాగమునకు సాగెడి పట్టీని 8 అంకెవలె, కొసను బిగువుగా, పైకి పోయినకొలది వదులుగా చుట్టవలెను. ఆ చుట్టుట ఇంటివారిలో ఒకరు ఆసుపత్రిలోనే నేర్చుకొని రావలెను.

లేని పాదము దురద పెట్టుచున్నదని రోగి అన్నచో మతి చలించినదని భయపడకుడు. మెదడులో ఆ పాదమునకు గల చోటు ఇంకను మేలుకొనియే యున్నది. బాధ యెక్కువైనచో వైద్యునికి చెప్పుడు, మందులు కలవు.

ఇక పెట్టుడు కాలి మాట. పాశ్చాత్యులు చేసిన పాదము బూటులో ఇముడుటకు ఉద్దేశించినది. గడపవద్ద చెప్పులు విడిచి, నేలపై బాసింపట్టు వేసికొని, బురదలో నడచు మనవారికి అది యెట్లు సరిపడును? 1968లో జయపురపు సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టరు పి. కె. సేథీయు, చేతిపనిలో నిపుణుడైన రామచంద్ర శర్మయు రబ్బరుతో చేసిన పాదము ఈ చిక్కు తీర్చినది. 1981లో ప్రమాదమున కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ ఈ పాదముతోనే మరల నాట్యము చేసినది. ‘మయూరి’ చిత్రమున తెలుగువారు ఆమెను చూచియే యున్నారు. చిత్రము కొన్ని గంటలలో ముగియును గాని ఇంటిలో ఇది నెలల పని.

మొదట కొద్దిసేపే తొడిగి, తీసిన వెంటనే అద్దముతో చర్మము చూచుకొనవలెను. ఎరుపు ఎంతకును మాయకున్నచో కాలు చేసినవారి వద్దకు పోవలెను. మధుమేహముచే కాలు పోయినవారు రెండవ పాదమును ప్రతి రాత్రి పరీక్షించుకొనవలెను. ఆ పాదము చెప్పు లేక నేల తాకరాదు.

నిద్రమత్తులో, కాలున్నదనుకొని మంచము దిగి పడినవారు పెక్కండ్రు. చంకకర్రలు చేతికందునట్లుంచి, రాత్రియంతయు చిన్న దీపము వెలుగనిండు.